పాపమునకు పాళ్ళు గలవా?

మా పాఠశాలలో భూగోళపాఠము చెప్పు గదియందు ఐరోపాఖండపు పటమొకటి గోడకు వ్రేలాడుచున్నది. అది 1991వ సంవత్సరమునకు పూర్వము అచ్చుపడినది. దాని యంచులు చినిగినవి, రంగులు వెలసినవి. క్రొత్తపటము కొనుటకు ధనము చాలకయో, శ్రద్ధ చాలకయో, దానిని అట్లే యుంచితిమి. అందు ఆడ్రియాటిక్ సముద్రపు తూర్పుతీరమున యుగోస్లావియా యను దేశము ఒకే రంగుతో నిండుగా కానవచ్చును. గత సంవత్సరము తొమ్మిదవతరగతి బాలుడొకడు ఆ రంగుమీద వ్రేలు పెట్టి, "మాస్టారూ, ఈ దేశం ఇప్పుడు లేదు కదండీ, దీన్ని ఎవరు విడగొట్టారు?" అని యడిగెను. మేము వెంటనే యుత్తరము చెప్పలేకపోతిమి. ఆ మధ్యాహ్నము ఉపాధ్యాయుల గదిలో ఆ ప్రశ్ననే మా తోడివారి ముందుంచితిమి. "అంతయు పెద్దదేశముల కుట్ర" యని యొకరనిరి. "వారిలో వారికి పడదు. ఒకరి గొంతులొకరు కోసికొనిరి. పైవారేమి చేయుదురు?" అని వేరొకరనిరి. ఇరువురును గట్టిగానే వాదించిరి. ఇంతలో గంట కొట్టిరి. వారు తరగతులకు పోయిరి; ప్రశ్న మాత్రము మాతో ఇంటికి వచ్చినది.

ఆ వాదమును తిరిగి తిరిగి తలచుకొనగా, ఆ యిరువురు మిత్రులును ఒక విషయమున ఏకాభిప్రాయులేయని మాకు తోచినది. ఒక దేశము చెడినప్పుడు అందలి పాపము ధాన్యపురాశి వలె కొలతకు లోబడినదనియు, పరులకు ఎంత కొలిచిన ఇంటివారికి అంత తగ్గుననియు, ఇంటివారికి ఎంత కొలిచిన పరులకు అంత తగ్గుననియు ఇరువురును నమ్ముచున్నారు. కుంచము ఎవరిచేత నుండవలెనను విషయముననే వారికి తగవు. పాపమును ఇట్లు కొలిచి పంచవచ్చునా? ఈ ప్రశ్నను యుగోస్లావియా చరిత్ర ముందుంచుకొని విచారింప దలచితిమి. దూరదేశపు కథయని చదువరులు ఉపేక్షింపరని మా విశ్వాసము.

యుగోస్లావియా యనగా దక్షిణస్లావుల భూమి. మొదటి ప్రపంచయుద్ధము ముగిసినపిమ్మట, 1918 డిసెంబరు 1వ తేదీని అది సెర్బు, క్రొయాటు, స్లొవీను జాతుల రాజ్యముగా జన్మించి, 1929లో ఈ పేరు దాల్చెను. సెర్బులు ప్రాచ్యసంప్రదాయపు క్రైస్తవులు. క్రొయాటులు రోమను కథోలికులు. బోస్నియాలోని ముస్లిములు తురుష్కుల ఏలుబడిలో ఇస్లామును స్వీకరించిన స్లావుల సంతతివారు. ఈ మూడుతెగలవారు మాటలాడునది దాదాపుగా ఒకే భాష. లిపులు మాత్రము రెండు. 1941 ఏప్రిలులో హిట్లరు సైన్యము ఆ రాజ్యమును మ్రింగెను. వాని ప్రాపున క్రొయేషియాలో నెలకొన్న ఉస్తాషా ప్రభుత్వము యసెనోవాత్స్ శిబిరమున సెర్బులను, యూదులను, రోమాజాతివారిని పదులవేల సంఖ్యలో చంపించెను. చెత్నికులను సెర్బుదండులు ముస్లిముల గ్రామములమీద పడినవి. 1945లో జయించిన టిటో పక్షమువారును ఓడినవారిలో అనేకులను విచారణ లేకయే వధించిరి. ఆ సంవత్సరము నవంబరు 29న సెర్బియా, క్రొయేషియా, స్లొవేనియా, బోస్నియా, మాంటెనీగ్రో, మాసిడోనియా యను ఆరు రిపబ్లికుల సమాఖ్య ఏర్పడెను. సెర్బియాలోపల కొసోవో, వోయ్‌వోదినా యను రెండు స్వయంపాలిత మండలములుండెను. కొసోవోలో అధికసంఖ్యాకులు అల్బేనియనులు. వారు స్లావులు కారు.

టిటో ఆ యింటిని ముప్పదియైదేండ్లు నిలిపెను. 1948లో స్టాలినుతో తెగతెంపులు చేసికొనెను. 1961లో బెల్‌గ్రేడున జరిగిన అలీనరాజ్యముల మహాసభకు మన నెహ్రూగారు అతిథిగా వెళ్ళిరి. 'సోదరత్వము, ఐక్యత' యనునది ఆ రాజ్యపు నినాదము. అది వట్టిమాట కాదు. 1981 జనాభాలెక్కలలో 12 లక్షలకు పైబడినవారు తాము సెర్బులమనిగాని క్రొయాటులమనిగాని వ్రాయింపక, యుగోస్లావులమనియే వ్రాయించుకొనిరి. భిన్నజాతుల తల్లిదండ్రులకు పుట్టినవారు వీరిలో పెక్కురు. పదియేండ్లు తిరుగునప్పటికి వారి దేశమే కాదు, వారు చెప్పుకొన్న జాతియు లేకపోయెను. ఇల్లు పంచుకొనునప్పుడు వాటాలు కోరినవారి కేకలే వినవచ్చును. పంపకమే వలదన్నవాని మాట ఎవరి చెవినిబడదు. ఈ విచారణలో మేము వీరిని మరువరాదని యెంచుచున్నాము.

అయినను ఆ యింటికి ఒక లోపము గలదు. నిలిపినది ఒక మనుష్యుడు, ఒక పక్షము. 1941 మొదలు 1945 వరకు జరిగిన హత్యలను గూర్చి బహిరంగముగ మాటలాడుకొనుటకు స్వేచ్ఛ లేకపోయెను. ప్రతి యింటను ఆ కథలు గుసగుసలుగా మాత్రమే మిగిలెను. గుసగుసగా చెప్పిన కథలో మన చావులే యుండునుగాని మనము చంపినవి యుండవు. 1974 రాజ్యాంగము రిపబ్లికులకు విశేషాధికారముల నిచ్చెను. ప్రజలకు మాత్రము నోరు నీయలేదు. 1980 మే 4న టిటో మరణించెను.

ఆయన పోయినపిమ్మట మొదట బయటపడినది అప్పు. 1980 తరువాతి తొలియేండ్లలో ఆ దేశపు విదేశీఋణము సుమారు 2,000 కోట్ల డాలర్లు. ఋణదాతలు అంతర్జాతీయ ద్రవ్యనిధి ద్వారా పొదుపును విధించిరి. జీతముల విలువ తరిగెను; సరకులు కరవయ్యెను; 1989లో ద్రవ్యోల్బణము వేయిశాతమును మించెను. సంపన్నమైన స్లొవేనియా తన సొమ్ము దక్షిణమునకు పోవుచున్నదని గొణిగెను. బీదదైన కొసోవో తనకు ఏమియు రాలేదని మొరపెట్టెను. ఇంటిలో బియ్యము తక్కువైననాడు ప్రక్కవిస్తరిలోని మెతుకులు లెక్కకు వచ్చును.

అట్టి వేళ నాయకుడు ఆకలిని తీర్పజూడవచ్చును. లేదా ఆకలికి ఒక శత్రువును చూపవచ్చును. ప్రధానమంత్రి ఆంతే మార్కోవిచ్ మొదటిత్రోవ పట్టెను. 1990 జనవరిలో క్రొత్తదినారును ఏడింటికి ఒక జర్మనుమార్కు చొప్పున నిలిపి, ధరలను కొంతకాలము అదుపునకు తెచ్చెను. సెర్బియానాయకుడు స్లొబొదాన్ మిలోషెవిచ్ రెండవత్రోవ పట్టెను. 1987 ఏప్రిలులో కొసోవోసెర్బుల సభకు పోయి, వారి భయమునకు తానే దిక్కని నిలిచి, ఆ భయమునే తన గద్దెగా చేసికొనెను. 1989 మార్చిలో కొసోవో స్వయంపాలనను హరించెను. 1990 డిసెంబరులో సెర్బియాప్రభుత్వము, సమాఖ్య అనుమతి లేకయే, నూరుకోట్ల డాలర్లకు మించిన విలువగల దినారులను తనకు తానే ఋణముగా వ్రాసికొనెను. మార్కోవిచ్ కట్టిన గట్టు దానితో తెగెను. క్రొయేషియాలో అధికారమునకు వచ్చిన ఫ్రాన్యో తుజ్మన్, 1990 డిసెంబరునాటి రాజ్యాంగమున అచటి సెర్బులను రాజ్యమునకు మూలజాతులలో ఒకటిగా గాక అల్పసంఖ్యాకులుగ వ్రాయించి, వారి పాతభయమును మేల్కొలిపెను. ఇట్లు నిప్పు రాజేసినవారు ఇంటివారే. దీనిని మరుగుపరచి కుట్రకథలు చెప్పుట సత్యమునకు ద్రోహము.

ఇక బయటివారిని గూర్చి విచారింతము. 1991 జూన్ 21న అమెరికా విదేశాంగమంత్రి జేమ్స్ బేకర్ బెల్‌గ్రేడుకు వచ్చి, ఏకపక్షముగ విడిపోవుటను గుర్తింపమనియు, బలప్రయోగమును సమ్మతింపమనియు చెప్పిపోయెను. విడిపోగోరినవారు రెండవమాటను, సైన్యముచే నిలుపగోరినవారు మొదటిమాటను విని ధైర్యము తెచ్చుకొనిరి. నాలుగుదినములకు స్లొవేనియా, క్రొయేషియాలు స్వాతంత్ర్యమును ప్రకటించెను. స్లొవేనియాలో యుద్ధము పదిదినములలో ముగిసెను. క్రొయేషియాలో నెలల తరబడి సాగెను. నవంబరు 18న వుకోవార్ పట్టణము శిథిలమై లొంగిపోయెను. ఆ పట్టణపు ఆసుపత్రినుండి కొనిపోబడిన సుమారు 200 మంది ఓవ్చారా యనుచోట చంపబడిరి.

ఈ ఘోరమును చూచి జర్మనీ, క్రొత్తరాజ్యములను గుర్తింపవలెనని తొందరపెట్టెను. సంధిసభకు అధ్యక్షుడైన కారింగ్టన్ ప్రభువును, ఐక్యరాజ్యసమితి ప్రధానకార్యదర్శి పెరెజ్ ద క్వెయారును, తొందరపడి గుర్తించినచో అగ్ని తక్కినచోట్లకు ప్రాకునని హెచ్చరించిరి. వినలేదు. డిసెంబరు 23న జర్మనీయు, 1992 జనవరి 15న ఐరోపాసమాజమంతయు గుర్తింపు నిచ్చెను. న్యాయపరిశీలనకై ఆ సమాజమే నియమించిన బాదాంతేర్ సంఘము, మాసిడోనియా నియమములను నెరవేర్చినదనియు, క్రొయేషియా అల్పసంఖ్యాకుల విషయమున ఇంకను పూర్తిగా నెరవేర్పలేదనియు చెప్పియుండెను. అయినను క్రొయేషియాకు గుర్తింపు లభించెను. గ్రీసు అడ్డుపడుటచే మాసిడోనియాకు లభింపలేదు. తీర్పును త్రోసివేయ దలచినవారు న్యాయాధిపతిని పిలువనే రాదు. జర్మనీ పక్షమున చెప్పవలసిన మాటయు ఒకటి గలదు. వుకోవార్ కూలునాటికి గుర్తింపు రాలేదు. కావున క్రొయేషియాయుద్ధము గుర్తింపువలన పుట్టినది కాదు. కాని ఆ గుర్తింపుతో బోస్నియాకు రెండే త్రోవలు మిగిలెను: మిలోషెవిచ్ చేతిక్రింద మిగులుదేశమున నుండుట, లేదా తానును వెడలుట.

బోస్నియాలో 1991 లెక్కల ప్రకారము ముస్లిములు నూటికి సుమారు 43, సెర్బులు 31, క్రొయాటులు 17 మంది. అందరును ఒకే వీధిలో, కొన్నిచోట్ల ఒకే యింటిలో కాపురముండిరి. 1992 ఫిబ్రవరి 29, మార్చి 1 తేదీలలో జరిగిన ప్రజాభిప్రాయసేకరణను సెర్బులలో అత్యధికులు బహిష్కరించిరి. తక్కినవారు స్వాతంత్ర్యమును కోరిరి. ఏప్రిలు 6న ఐరోపా గుర్తింపు వచ్చెను. ఆ దినములలోనే సారాయేవో ముట్టడి ప్రారంభమై 1996 ఫిబ్రవరి వరకు సాగెను. ఆ శిశురాజ్యమునకు పేరుపెట్టినవారు దానిని కాపాడుటకు సిద్ధపడలేదు. పైగా 1991 సెప్టెంబరు 25న భద్రతామండలి విధించిన ఆయుధనిషేధము అట్లే నిలిచెను. పాతసైన్యపు ఫిరంగులు బోస్నియాసెర్బుల చేతబడెను గనుక, అందరికిని సమానమని తోచిన ఆ నిషేధము వట్టిచేతులవానినే బంధించెను. ఆ తీర్మానము ఏకగ్రీవము. నాడు మండలిలో సభ్యత్వముగల మన దేశమును దానికి చేయెత్తెను. సమితి పంపిన రక్షకదళమునకు తొలి సంవత్సరము నాయకత్వము వహించినవారు మన సేనాని సతీశ్ నంబియారుగారు. ఆయనను తప్పుపట్టుటకు ఈమాట వ్రాయుట లేదు. 'పరులు' అను పదమున మనము లేమని చెప్పుకొనుటకు వీలులేదనియే వ్రాయుచున్నాము.

1993 ఏప్రిలులో భద్రతామండలి తూర్పుబోస్నియాలోని స్రెబ్రెనిత్సా పట్టణమును 'సురక్షితప్రదేశ'మని ప్రకటించెను. అచటివారు ఆయుధములు అప్పగింపవలెననియు, సమితి సైనికులు కాపాడుదురనియు ఏర్పాటు. 1995 జూలై 11న రాట్కో మ్లాదిచ్ నాయకత్వమున బోస్నియాసెర్బు సైన్యము ఆ పట్టణమును పట్టుకొనెను. కావలియున్న డచ్చిసైనికులు కొద్దిమంది. వారు కోరిన విమానసహాయము వేళకు చాలినంత రాలేదు. కొలదిదినములలో 8,000కు పైబడిన పురుషులును బాలురును చంపబడిరి. ఇది జాతిసంహారమని అంతర్జాతీయ న్యాయస్థానము 2007లో నిర్ణయించెను.

కొన్నియేండ్లకు బయటివారు వేరొకరీతి ప్రవర్తించిరి. కొసోవోలో సెర్బియాబలగముల దౌర్జన్యము పెరుగగా, 1999 మార్చి 24 మొదలు 78 దినములు నాటో కూటమి సెర్బియామీద బాంబులు కురిపించెను. భద్రతామండలి అనుమతి లేదు. ఆ దినములలోనే 8 లక్షలకు మించిన అల్బేనియనులు ఇండ్లనుండి తరుమబడిరి. నాటో బాంబులచే సుమారు 500 మంది పౌరులు మరణించిరి. యుద్ధము ముగిసి అల్బేనియనులు తిరిగివచ్చిరి. పిమ్మట కొసోవోసెర్బులు వేలకొలది ఇండ్లు వదలి పారిపోయిరి. చేయనిచోట చేయకపోవుట ఒక తప్పు. చేసినచోట తమకు తామే న్యాయాధిపతులగుట వేరొక తప్పు. స్రెబ్రెనిత్సాలో కదలనివారే బెల్‌గ్రేడుపై విరుచుకొనిపడుటను చూచి, వారికి ధర్మము ముఖ్యమో తమ ప్రతిష్ఠ ముఖ్యమో యని సెర్బుప్రజలు సందేహించినయెడల ఆశ్చర్యము లేదు.

ఇంతవరకు చెప్పినది జరిగినకథ. ఇక మొదటిప్రశ్నకు వత్తము. మన శాస్త్రకారులు కారణములను విడదీసి చెప్పుదురు. కుండకు మన్ను ఉపాదానకారణము, కుమ్మరి నిమిత్తకారణము. యుగోస్లావియా వినాశనమునకు లోపలి భయములును, అప్పులును, నాయకుల దురాశయు ఉపాదానము. పరరాజ్యముల చేతలు నిమిత్తము. మన్ను లేనిదే కుమ్మరి ఏమియు చేయలేడు. దీనికి ఆ దేశమునందే సాక్ష్యమున్నది. 1991 సెప్టెంబరులో మాసిడోనియా ప్రజలు స్వాతంత్ర్యమును కోరిరి. 1992 మార్చి నాటికి సమాఖ్యసైన్యము అచటినుండి నెత్తురుచుక్క రాలకుండ వెడలిపోయెను. పరరాజ్యములు అవియే, పరరాజ్యముల కపటము అదియే. అచట మిలోషెవిచ్‌నకు కావలసిన సెర్బుభూమి లేదు. కావున అంతయు పరుల కుట్రయను మాట నిలువదు. అట్లని కుమ్మరి లేనిదే మన్ను తనంతట కుండ కాదు. ఆయుధనిషేధమును, వేళగాని వేళ గుర్తింపును, నిలుపుకొనని రక్షణవాగ్దానమును ఆ కథకు ఇట్టి రూపము నిచ్చినవి.

అయితే ఏది కారణమో తెలిసినంతమాత్రమున ఎవరు దోషులో తేలదు. కారణములను తర్కము విడదీయును. దోషమును విడదీయునది వేరు. బోయవాడైన వాల్మీకి కథ మన పిల్లలకెల్ల తెలిసినదే. 'నేను తెచ్చిన సొమ్ములో పాలుగొన్నట్లు నా పాపములోను పాలుగొందురా?' అని వాడు ఇల్లాలిని, బిడ్డలను అడిగెను. వారు కాదనిరి. వాని పాపము సంపూర్ణముగ వానిదే యయ్యెను. మన పెద్దలు కథ నింతతో ఆపుదురు. మాకు చిన్ననాటినుండియు ఒక సందేహము గలదు. తెలిసి తిన్న ఆ యింటివారు నిర్దోషులా? మాంసభక్షణవిషయమున మనువు, చంపినవానిని మాత్రమే కాక, అనుమతించినవానిని, కోసినవానిని, కొన్నవానిని, అమ్మినవానిని, వండినవానిని, వడ్డించినవానిని, తిన్నవానిని గూడ ఘాతకులనియే చెప్పెను. ఆ స్మృతి చెప్పినదెల్ల మాకు సమ్మతము కాదు. కాని యిచట నొక సూక్ష్మము కలదు. ఎనిమిదిమందికిని ఎనిమిదవపాలు చొప్పున పంచలేదు. ప్రతివాడును పూర్తిగా ఘాతకుడే. ఇల్లాలి దోషమువలన బోయవాని దోషము తగ్గదు. బోయవాని దోషమువలన ఇల్లాలిది తగ్గదు. ఎవరి దోషము వారు చేసినదానికే. అది వారికి పూర్తిగా చెందును.

ఆస్తికిని పాపమునకును భేదమిదియే. ఆస్తి పంచినకొలది తరుగును. పాపము పంచినకొలది తరుగదు.

స్రెబ్రెనిత్సా విషయమున న్యాయస్థానములు ఈ చిక్కునే యెదుర్కొనెను. పట్టణము పడిన రెండుదినములకు, డచ్చిసైనికుల ఆవరణములో తలదాచుకొన్న సుమారు 350 మంది పురుషులు బయటికి పంపబడి, మ్లాదిచ్ సైన్యముచేత చంపబడిరి. వారి కుటుంబములవారు డచ్చిప్రభుత్వముమీద దావా వేసిరి. ప్రభుత్వము పూర్తిగా బాధ్యురాలని 2014లో క్రిందికోర్టు చెప్పెను. బాధ్యత నూటికి ముప్పదిపాళ్ళని 2017లో అప్పీలుకోర్టు చెప్పెను. నూటికి పదిపాళ్ళు మాత్రమేయని 2019 జూలైలో సర్వోన్నతన్యాయస్థానము తేల్చెను. వారిని లోపలనే యుంచుకొనినయెడల బ్రదికి బయటపడు అవకాశము నూటికి పదియని దాని లెక్క. నష్టపరిహారమునకు ఏదో లెక్క కావలెను గనుక న్యాయాధిపతులను మేము ఆక్షేపింపము. కాని ఆ లెక్కను నీతికి వర్తింపజేసినచో ఎట్లుండును? నూటికి పదిపాళ్ళు డచ్చివారిదైనచో మ్లాదిచ్‌నకు తొంబది మాత్రమేనా? హేగులో ఆతనికి విధించిన యావజ్జీవశిక్షలో పదవవంతు తగ్గింపవలెనా? అట్లని ఎవరును అనరు. చంపినవాని హత్య చంపినవానిదే, పూర్తిగా. కాపాడెదనని మాటయిచ్చి, ఆయుధము పుచ్చుకొని, తలుపు తెరచినవాని వాగ్దానభంగము వానిదే, పూర్తిగా. అవి ఒకేరాశిలోని రెండు పాళ్ళు కావు. రెండు వేర్వేరు పాపములు.

దీనిని గ్రహింపమిచే రెండు సాకులు పుట్టినవి. 'వారిది తరతరాల పగ, మనమేమి చేయగలము' అనునది బయటివారి సాకు. బోస్నియా మండుచున్నప్పుడు ఐరోపా రాజధానులలో ఈ మాట తరచుగా వినబడెను. తరతరాల పగయే యైనయెడల 1981లో తాము యుగోస్లావులమని వ్రాయించుకొన్న ఆ 12 లక్షలమంది ఎక్కడినుండి వచ్చిరి? 'అంతయు పరులే చేసిరి' అనునది ఇంటివారి సాకు. ఈ సాకు ఆ ప్రజలకు గౌరవముగ తోచునుగాని, నిజమునకు వారిని చేతగాని పసివారినిగా చేయుచున్నది. యోవాన్ దివ్యాక్ అనునతడు పుట్టుకచే సెర్బు, పాతసైన్యమున అధికారి. 1992లో సారాయేవోను ముట్టడించినవారి పక్షము చేరక, ఆ పట్టణమును కాపాడువారితో నిలిచెను. త్రెబిన్యే పట్టణమున స్ర్జాన్ అలెక్సిచ్ అను సెర్బుయువకుడు, తన ముస్లిముస్నేహితుని సెర్బుసైనికులు కొట్టుచుండగా అడ్డుపడి, వారి దెబ్బలచే 1993 జనవరిలో ప్రాణము విడిచెను. అందరిని పరులే ఆడించిరనినచో వీరు చేసినదానికి అర్థమేమి? కీడు చేసినవానికి స్వేచ్ఛ లేదన్నచో మేలు చేసినవానికిని లేదనవలసి వచ్చును. పాపమును పరులమీదికి నెట్టువాడు తన వారి పుణ్యమును గూడ ఆ మూటలోనే కట్టి పంపివేయుచున్నాడు.

ఇది మాకు పుస్తకములలో మాత్రమే తెలిసిన సంగతి కాదు. మా చిన్నతనమున మా తండ్రిగారును పినతండ్రిగారును వేరుపడిరి. పెరటిబావికి అడ్డముగా గోడ లేచినది. పంపకము చేయవచ్చిన పెద్దమనిషి యొకడు ఇరుపక్షములను ఎగదోసి, తన పొలముప్రక్కనున్న చెక్కను చవుకగా కొనుక్కొనెను. అది నిజమే. కాని ముప్పదియేండ్లుగా మా యింటిలోను, గోడకవతల పినతండ్రిగారి యింటిలోను, ఆ మనిషిపేరే కొంప తీసినవాడుగా వినబడుచు వచ్చినది. ఆ పేరు పలుకుచున్నంతకాలము, గోడ లేవకముందు ఒకనాటి రాత్రి భోజనమువేళ తాము పలికిన మాటలను అన్నదమ్ములిరువురును జ్ఞాపకము చేసికొనవలసిన యవసరము లేకపోయెను. మా పినతండ్రిగారు పోయిననాడు మా తండ్రిగారు గోడదగ్గర చాలసేపు నిలుచుండి, "వాడిదేముంది, ముందు మాట తూలింది నేనే" అనిరి. వినవలసినవాడు అప్పటికి లేడు. ఆ పెద్దమనిషి దోషము ఆ మాటతో వీసమెత్తయినను తగ్గలేదు. కాని ఆ మాట పదియేండ్లు ముందుగా పలికినయెడల గోడ కూలియుండెడిది. పరుని దోషము ఎంతనిజమైనను, దానిని ఎంత తవ్వినను గోడ కూలదు. మన దోషము మన చేతిలోనిది గనుక దానినే మనము సవరింపగలము.

1947నాటి మన దేశవిభాగమును గూర్చియు మనవారు ఇట్లే వాదించుకొందురు. విభజించి పాలించిన ఆంగ్లేయులది తప్పాయని కొందరు, రైళ్ళలో కత్తులు దూసిన మనవారిది తప్పాయని కొందరు. రెండును తప్పులే. ఒకటి వేరొకదానిని కడుగదు. ఆంగ్లేయులు తమ లెక్క తాము చెప్పుకొనవలెను. మన లెక్క మనము చెప్పుకొనవలెను. యుగోస్లావియావిషయమున ఇట్టి ప్రయత్నము కొంత జరిగినది. స్రెబ్రెనిత్సాలో సమితి తప్పులను ప్రధానకార్యదర్శి కోఫీ అన్నాన్ 1999లో నివేదికగా ప్రకటించెను. 2002లో డచ్చిమంత్రివర్గము ఆ విషయమై రాజీనామా చేసెను. హేగులో 1993 మొదలు 2017 వరకు పనిచేసిన న్యాయస్థానము 161 మందిమీద అభియోగములు మోపెను. వారిలో అన్నిజాతులవారును గలరు. మిలోషెవిచ్ తీర్పు వెలువడకమునుపే 2006లో చెరలో మరణించెను. కాని కోర్టు చేయగలిగినది కొంతయే. తమ పక్షమువాడు చేసిన హత్యను తమ భాషలో, తమ బిడ్డలకు, తామే చెప్పుకొనుట ఏ కోర్టును చేయించలేదు.

ఆ బాలునకు మేము చెప్పిన యుత్తరమిది: "నాయనా, ఇంటివాళ్ళే విడగొట్టారు. బయటివాళ్ళూ విడగొట్టారు. ఎవరు ఎక్కువ, ఎవరు తక్కువ అని అడగకు. ఎవరు ఏం చేశారో అడుగు." వాడు కొంచెముసేపు ఆలోచించి, "అయితే మార్కులు ఎలా వేస్తారు మాస్టారూ?" అనెను. తరగతియంతయు నవ్వెను; మేమును నవ్వితిమి. కాని వాడు అడిగినది ఉచితమైనదే. ఎవరి జవాబుపత్రము వారిదే. ప్రక్కవాడు తప్పు వ్రాసెనని మన తప్పునకు మార్కులు రావు. మనము తప్పు వ్రాసితిమని ప్రక్కవానికిని రావు.

చదువరులారా, మన యిండ్లలోను, సంఘములలోను, కులములలోను ప్రతిదినము ఏదో యొక గోడ లేచుచునే యున్నది. అప్పుడెల్ల మనము మొదట వెదకునది ఎగదోసిన పెద్దమనిషిని. వాడు ఉండియే యుండును. వాని లెక్క వానిచేత చెప్పింపవలసినదే. కాని అంతకుముందు, వినవలసినవారు బ్రదికి యుండగానే, మన మాట మనము జ్ఞాపకము చేసికొందము.